దారి కాసిన కోట



స్విట్జర్లాండులో, జెనీవా సరస్సు తూర్పు కొసన, ఒడ్డుకు ఆనుకుని నీళ్ళలో ఒక రాతిగుట్ట ఉంది. ఆ గుట్టంతా పరుచుకుని ఒక పాతకోట ఉంది. దాని పేరు షియోన్. ఈ పూట ఆ కోట గురించి మీతో మాట్లాడాలని వచ్చాను. ఆ దేశం చూసివచ్చిన మీ బంధువులో స్నేహితులో చూపించిన ఫొటోల్లో మీరు దాన్ని చూసే ఉంటారు. నీలి నీళ్ళు, నీళ్ళలోంచే లేచినట్టున్న గోడలు, ఎర్రటి పెంకులు, వెనకాల మంచుకొండలు. ఫొటోలో చూస్తే ఎవరో ప్రభువు విహారం కోసం కట్టుకున్నాడేమో అనిపిస్తుంది. కానీ ఆ ఫొటోలు చాలావరకు సరస్సు వైపు నుంచి తీసినవి. ఒడ్డున నిలబడి కొండవైపు గోడలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మనుషుల్ని ఆపడానికి కట్టిన కోట అది. శతాబ్దాల తరబడి అది చేసిన పని అదే.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెప్తాను. ఆ సరస్సును అక్కడివాళ్ళు లెమాన్ అంటారు. పొడవు దాదాపు 73 కిలోమీటర్లు, విస్తీర్ణం 580 చదరపు కిలోమీటర్లు, లోతైన చోట 310 మీటర్లు. ఆల్ప్స్‌లో పుట్టిన రోన్ నది తూర్పున దానిలో కలిసి, పడమట జెనీవా నగరం దగ్గర మళ్ళీ బయటికొస్తుంది. షియోన్ ఉన్నచోట కొండ నిటారుగా నీళ్ళలోకి దిగుతుంది. కొండకూ నీటికీ నడుమ మిగిలింది సన్నటి నేల పట్టీ. ఉత్తరాన బర్గండీ నుంచి దక్షిణాన ఇటలీకి పోయే ముఖ్యమైన దారుల్లో ఒకటి గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దాటి వెళ్తుంది. ఆ కనుమకు చేరాలంటే ఈ పట్టీ మీదుగా రావాలి. రోమన్ సైనికులు, రోముకు పోయే యాత్రికులు, కంచర గాడిదల మీద సరుకు వేసుకున్న వర్తకులు, అందరిదీ అదే బాట. ఆ పట్టీకి ఎదురుగా, నాలుగడుగులు వేస్తే చేరేంత దగ్గరలో, ప్రకృతే ఒక రాతి దీవిని పెట్టింది. దీవికీ ఒడ్డుకూ మధ్య ఉన్న నీళ్ళే కందకం. ఎవరూ తవ్వే పని లేకపోయింది.

ఆ ఇరుకు ఈనాటికీ పోలేదు. రైలు పట్టాలు, రోడ్డు, కోట పక్కపక్కనే ఒరుసుకుని ఉంటాయి. రైలు అక్కడికి 1861లో వచ్చింది. కార్ల రహదారికి నేలమీద చోటు చాలక, 1960ల్లో కొండవాలు వెంబడి రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవున ఎత్తైన స్తంభాల మీద వంతెన కట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్విస్ సైన్యం సరిగ్గా ఈ కోటకు ఎదురుగా, రోడ్డుకు అవతల, కొండ కడుపు తొలిచి ఇంకో దుర్గాన్ని దాచిపెట్టింది. ఎనిమిది వందల ఏళ్ళ తేడాతో ఇద్దరు సేనాధిపతులు ఒకే చోటును ఎంచుకున్నారంటే, ఆ చోటు మాహాత్మ్యం ఏమిటో మీరే ఊహించుకోండి.

కోట పేరు రాతపూర్వకంగా మొదట కనిపించేది 1150లో. అప్పటికే అది సవాయ్ వంశపు ప్రభువుల చేతిలో ఉంది. సవాయ్ అంటే ఇప్పటి ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడింటా కొంత కొంత పరుచుకున్న సంస్థానం. ఆల్ప్స్ కనుమలు చేతిలో పెట్టుకోవడంలోనే వాళ్ళ బలమంతా ఉంది. 1214లో వాళ్ళు కోటకు కూతవేటు దూరంలో విల్‌నవ్ అనే ఊరు నిలబెట్టి, అక్కడ సుంకం వసూలు చేశారు. మన జాతీయ రహదారి మీద టోల్‌గేటు లాంటిదే అనుకోండి; కాకపోతే పక్కదారి లేని టోల్‌గేటు. ఉన్ని, బట్టలు, ఉప్పు, మసాలా దినుసులు, ఏది దాటినా లెక్క రాయాల్సిందే. ఆ రోజుల్లో మన మలబారు తీరం నుంచి ఓడలెక్కిన మిరియాలు ఇటలీ రేవులకు చేరి, ఇలాంటి ఆల్ప్స్ దారుల వెంటే ఉత్తర దేశాలకు వెళ్ళేవి. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఆ ఇరుకు బాట ఒక్కసారిగా చాలా దగ్గరిదైపోయింది.

కోటను ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు 13వ శతాబ్దపు రెండో పియేర్. ఆయన మేనకోడలు ఎలియనోర్ ఇంగ్లండు రాజు మూడో హెన్రీ భార్య. ఆ చుట్టరికంతో హెన్రీ ఆయనకు లండన్‌లో భూమి ఇచ్చాడు. లండన్‌లోని ప్రసిద్ధమైన సవాయ్ హోటల్‌కు ఆ పేరు రావడం వెనక ఉన్నది ఈ పియేరే. లోకం చూసిన మనిషి గనక కోట ఎలా కట్టాలో తెలుసు. కొండవైపు మందమైన గోడలు, అర్ధచంద్రాకారపు బురుజులు, బాణాలు వదలడానికి సన్నటి కంతలు. సరస్సు వైపుకు వస్తే నగిషీ చెక్కిన పెద్ద పెద్ద కిటికీలు. దారిన పోయేవాడికి భయం, లోపల కూచున్న ప్రభువుకు నీలాకాశం. నా మట్టుకు నాకు షియోన్‌లో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఈ రెండు ముఖాలే. ఒకే ఇంటికి అంత కర్కశమైన వీపు, అంత మెత్తని ముఖం మరెక్కడా నేను చూడలేదు.

లోపలికి వెళ్ళడానికి పూర్వం ఎత్తి దించే వంతెన ఉండేది. 18వ శతాబ్దంలో దాని బదులు కప్పు వేసిన చెక్కవంతెన కట్టారు. అది దాటగానే ఒక ముంగిలి, దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరొకటి. వాటి చుట్టూ ఒక్కో తరం ఒక్కో గది, ఒక్కో మెట్ల వరుస కలుపుకుంటూ పోయింది. ఎక్కుతూ దిగుతూ ఉంటే కాసేపటికి దిక్కు తెలియదు. మధ్యలో పాతికమీటర్ల ఎత్తున పెద్దబురుజు. దాని చెక్కమెట్లు ఎక్కడం కష్టమే గానీ, పైనుంచి సరస్సు, రోన్ లోయ, అవతలి ఫ్రాన్సు కొండలు ఒకేసారి కనబడతాయి.

పై అంతస్తుల్లో ప్రభువు పడకగది గోడల మీద 14వ శతాబ్దపు చిత్రాలు వెలిసిపోయి ఉన్నా, జంతువుల ఆకారాలు పోల్చుకోవచ్చు. ఆ గదినుంచి సెయింట్ జార్జ్ ప్రార్థనా మందిరానికి దారి ఉంది. ప్రభువు జనంలోకి రాకుండానే దేవుడి దగ్గరికి వెళ్ళిరావచ్చు. పెద్ద భోజనశాలలో నల్లరాతి స్తంభాలు, చెక్క కప్పు, సరస్సు మీదికి తెరుచుకునే కిటికీలు. మరుగుదొడ్లు సైతం తిన్నగా సరస్సు మీదికే. గదులన్నీ బోసిగా ఉన్నాయని కొందరు సందర్శకులు నిరుత్సాహపడతారు. ఒక సంగతి తెలిస్తే ఆ నిరుత్సాహం ఉండదు. సవాయ్ ప్రభువులు ఒకచోట స్థిరంగా ఉండేవాళ్ళు కాదు. కోటనుంచి కోటకు దివాణం మొత్తం కదిలేది. పెట్టెలు, పరుపులు, గోడలకు వేలాడదీసే బట్టలు, వంటసామాను అన్నీ వెంట పోయేవి. వాళ్ళు లేని నెలల్లో ఒక కోట అధికారి, కొద్దిమంది భటులు ఉండేవాళ్ళు. అంటే ఆ రోజుల్లోనూ ఆ గదులు చాలాకాలం బోసిగానే ఉండేవి.

ఇక నేలమాళిగ. షియోన్‌కు వచ్చే జనమంతా వచ్చేది దానికోసమే. మెట్లు దిగితే ఒకదాని తర్వాత ఒకటిగా కమానుల గదులు. ఒకవైపు దీవి తాలూకు రాయి చెక్కుచెదరకుండా గోడగా నిలబడి ఉంటుంది. ఇంకోవైపు కట్టిన గోడ, దానిలో బాగా ఎత్తున సన్నటి కిటికీలు. నడుమ రాతి స్తంభాలు పైకి వెళ్ళి కొమ్మలుగా విడిపోయి కప్పును మోస్తాయి. ఏ చర్చిలో ఉన్నామో అనిపించేంత అందంగా కట్టారు. మధ్యాహ్నపు ఎండ సరస్సు మీద పడి, అక్కడినుంచి కిటికీల్లోకి తిరిగివచ్చి, ఆ కప్పు మీద నీటి నీడల్లా కదులుతుంది. నిజానికి ఇవి సరుకు దాచుకోవడానికి, ద్రాక్షసారా పీపాలు పెట్టుకోవడానికి పనికొచ్చిన గదులు. తర్వాత చెరసాల అయ్యాయి.

ఆ చెరలో ఉన్నవాళ్ళలో లోకానికి తెలిసిన పేరు ఒక్కటే, ఫ్రాన్స్వా బొనివార్. 1493లో పుట్టాడు. జెనీవా నగరం వెలుపల సెయింట్ విక్టర్ మఠానికి అధిపతి. చదువుకున్నవాడు, పుస్తకప్రియుడు. సవాయ్ ప్రభువు జెనీవాను మింగాలని చూస్తున్న కాలంలో ఆయన జెనీవావాసుల పక్షం వహించాడు. అందుకు ఒకసారి చెరలో పడి, బయటపడి కూడా తగ్గలేదు. 1530లో ప్రయాణంలో ఉండగా పట్టుకుని షియోన్‌కు తెచ్చారు. విచారణ అన్నది లేదు. మొదటి రెండేళ్ళు కోట అధికారి గదులకు దగ్గర్లోనే, మర్యాదగానే ఉంచారు. ఆ తర్వాత సవాయ్ ప్రభువు స్వయంగా కోటకు వచ్చి వెళ్ళాక, కిందికి దించారు. నాలుగేళ్ళు నేలమాళిగలో. నడిచీ నడిచీ ఆ రాతిలో చిన్న బాట పడిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. 1536 మార్చిలో బెర్న్ నగర సైన్యం నేలమీద నుంచి, జెనీవా పడవలు నీటిమీద నుంచి కోటను చుట్టుముట్టాయి. మార్చి 29న కోట లొంగింది. బొనివార్ బయటికి వచ్చాడు.

బయటికి వచ్చి చూస్తే ఆయన లోకం మారిపోయింది. జెనీవా కాథలిక్ మతం వదిలి ప్రొటెస్టంట్ నగరం అయింది. ఆయన మఠాన్ని కూలగొట్టేశారు. నగరం ఆయనకు భరణం ఇచ్చి, 1542లో జెనీవా చరిత్ర రాయమని అడిగింది. ఆయన రాశాడు. కానీ ఆ రాత నగర పెద్దలకు నచ్చలేదు. అది అచ్చయింది 1831లో. నాలుగుసార్లు పెళ్ళి చేసుకున్నాడు, అప్పులు చేశాడు, మతపెద్దలతో మాటలు పడ్డాడు, తన పుస్తకాలు నగరానికి రాసిచ్చి 1570లో కన్నుమూశాడు. ఆ పుస్తకాలతో జెనీవా గ్రంథాలయానికి పునాది పడింది. నాకు ఈ బొనివార్ అంటే చాలా గౌరవం. చెరలో పడినవాడు సాధువే అయి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. విచారణ లేకుండా ఆరేళ్ళు బంధించడం తప్పు అనడానికి, ఆయన మామూలు మనిషి కావడమే చాలు.

లోకానికి తెలిసిన బొనివార్ మాత్రం వేరు. ఆ బొనివార్‌ను తయారుచేసింది ఇంగ్లీషు కవి బైరన్. 1816 జూన్‌లో బైరన్, మరో కవి షెల్లీ ఇద్దరూ పడవలో సరస్సు చుట్టి రావడానికి బయల్దేరారు. రూసో తన నవల 'జూలీ'లో వర్ణించిన ఊళ్ళు చూడాలన్నది వాళ్ళ కోరిక; ఆ నవల నాయిక బిడ్డను కాపాడడానికి నీళ్ళలో దూకేది ఈ షియోన్ దగ్గరే. అది మామూలు వేసవి కాదు. అంతకుముందు ఏడాది ఇండొనేసియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ధూళి మూలంగా 1816లో యూరప్‌కు ఎండాకాలమే రాలేదు. ఒకటే వానలు, చలి. దారిలో గాలివానకు వాళ్ళ పడవ దాదాపు మునిగినంత పని అయింది. షియోన్‌లో నేలమాళిగ చూసి లోజాన్ రేవైన ఊషీకి చేరాక, వాన వాళ్ళను కదలనివ్వలేదు. ఆ సత్రంలో కూచుని బైరన్ 'షియోన్ ఖైదీ' రాశాడు. అదే ఏడాది డిసెంబరులో అచ్చయింది.

ఆ కావ్యంలో ముగ్గురు అన్నదమ్ములు మూడు స్తంభాలకు కట్టుబడి ఉంటారు. ఇద్దరు తన కళ్ళముందే పోగా మిగిలిన పెద్దవాడు కథ చెబుతాడు. చరిత్రలో బొనివార్‌తో ఆ చెరలో తమ్ముళ్ళెవరూ చావలేదు. తాను రాసేనాటికి బొనివార్ చరిత్ర తనకు సరిగా తెలియదని బైరనే తర్వాత ఒప్పుకుని, ఆయన గౌరవార్థం విడిగా ఒక పద్యం కూడా చేర్చాడు. నేలమాళిగ నీటిమట్టానికి కింద ఉందని బైరన్ నమ్మాడు. నిజానికి అది నీటికి పైనే ఉంది. ఇవి ఆ కావ్యానికి లోపాలని నేననను. ఏళ్ళ తరబడి గొలుసుకు అలవాటుపడ్డ మనిషికి విడుదల కూడా ఎలా బరువవుతుందో చూపించిన రచన అది. ఆ ఒక్క గ్రహింపు చాలు, అది నిలబడడానికి.

ఆ తర్వాత షియోన్‌కు జనం రావడం ఆగలేదు. విక్టర్ హ్యూగో వచ్చాడు. చిత్రకారుడు దెలాక్రువా ఆ ఖైదీ బొమ్మ గీశాడు. హెన్రీ జేమ్స్ తన 'డెయిజీ మిల్లర్'లో నాయికను పడవలో ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇంకో చిత్రకారుడు కూర్బే పారిస్ కమ్యూన్ తిరుగుబాటులో పాల్గొన్నందుకు స్వదేశం వదిలిపెట్టాల్సి వచ్చి, ఈ సరస్సు ఒడ్డునే తలదాచుకుని, 1877లో చనిపోయేదాకా ఈ కోటను మళ్ళీ మళ్ళీ గీశాడు. దేశానికి దూరమైన మనిషి చెరసాలను అన్నిసార్లు ఎందుకు గీశాడో ఊహించడం కష్టం కాదు. ఇక కోట సంగతికొస్తే, షియోన్ ఉన్న వో ప్రాంతం 1536 నుంచీ సాగిన బెర్న్ పాలనను 1798లో వదిలించుకున్నాక కోట ఆ ప్రాంత ప్రభుత్వం చేతికి వచ్చి, ఆయుధాల కొట్టుగా, జైలుగా మిగిలింది. అలాంటి కట్టడం కూలిపోకుండా, 19వ శతాబ్దం చివర్లో ఆల్బేర్ నేఫ్ అనే పురాతత్వవేత్త చేతికి వచ్చింది. రాయి రాయీ పరిశీలించి, ఏది పాతదో ఏది తాము కొత్తగా చేర్చిందో గుర్తులు పెట్టి మరీ బాగుచేయించాడు. బైరన్ తెచ్చిపెట్టిన పేరు లేకపోతే అంత శ్రద్ధ, అంత డబ్బు ఆ కోటకు దక్కేవని నేననుకోను. ఇప్పుడు ఏటా నాలుగు లక్షల మంది దాకా వస్తున్నారు.

ఇంతవరకూ చెప్పింది చాలామందికి తెలిసిందే. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది మాత్రం ఇకమీద చెప్పబోయేదాని కోసం.

బొనివార్‌కు దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు, 1348లో, యూరప్‌ను ప్లేగు కబళించింది. ఎందుకు చస్తున్నారో ఎవరికీ తెలియదు. యూదులు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారు పుట్టింది. సవాయ్ అధికారులు ఈ సరస్సు తీరపు యూదులను పట్టుకుని షియోన్‌లో పెట్టారు. సెప్టెంబరు 15న మొదట చిత్రహింస పెట్టింది ఒక వైద్యుణ్ణి. ఆనాటి లాటిన్ కాగితాల్లో ఆయన పేరు బలవిగ్నుస్ అని ఉంది. సరస్సు అవతలి ఒడ్డున ఉన్న తొనోన్ ఊరివాడు. శస్త్రవైద్యం ఆయన వృత్తి. హింస భరించలేక, విషం కలిపానని ఒప్పుకున్నాడు. విషం పొడి ఏ రంగులో ఉంది, ఏ సంచిలో ఉంది, ఏ ఊటలో వేశాడు, అన్నీ అడిగినవాళ్ళకు కావలసినట్టే చెప్పాడు. ఆయన తర్వాత మరికొందరు. వాళ్ళకు మంటలే శిక్ష.

దీనిలో ఘోరం ఇంకా ఉంది. షియోన్ అధికారి ఆ ఒప్పుకోళ్ళ ప్రతులు రాయించి, అడిగిన స్ట్రాస్‌బర్గ్ నగరానికి పంపాడు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో యూదులను వందలమందిని కాల్చి చంపారు. ఈ కోటలో రాసిన కాగితం అక్కడ సాక్ష్యమైంది. ఆ అబద్ధాన్ని అబద్ధమని చెప్పినవాళ్ళు ఆనాడూ ఉన్నారు. యూదులు కూడా ఇదే రోగంతో చస్తున్నారు కదా, విషం పెట్టేవాళ్ళు వాళ్ళెలా అవుతారు అంటూ పోప్ ఆరో క్లెమెంట్ అదే 1348లో ఫర్మానా ఇచ్చాడు. వినవలసినవాళ్ళు వినలేదు.

బెర్న్ పాలకులు వచ్చి బొనివార్ గొలుసు తెంచారు కదా, ఆ తర్వాతైనా ఆ గదులు ఖాళీ అయ్యాయా అంటే, కాలేదు. 16, 17 శతాబ్దాల్లో వో ప్రాంతమంతా చేతబడి నేరం మోపి ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ పట్టి, హింసించి, కాల్చారు. అలా పట్టుకున్నవాళ్ళలో కొందరిని షియోన్‌లో ఉంచారు. వాళ్ళలో ఎక్కువమంది పల్లెవాళ్ళు, పేదవాళ్ళు. పక్కింటి ఆవు చస్తే, పొరుగు బిడ్డకు జబ్బు చేస్తే, వేలు ఎవరిమీదికి చూపుతారో మనకు తెలియని సంగతి కాదు. మన పల్లెల్లో కూడా చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. షియోన్ గదుల్లో నిలబడి ఆ సంగతి చదువుతుంటే, పరదేశపు పాత కథ చదువుతున్నట్టు నాకు అనిపించలేదు.

నేలమాళిగలో మూడో స్తంభం మీద బైరన్ పేరు చెక్కి ఉంది. ఆయనే చెక్కాడా, వేరెవరైనా చెక్కారా అన్న వాదం ఉన్నా, దానికి గాజుపలక అడ్డం పెట్టి కాపాడుతున్నారు. జనమంతా దాని చుట్టూ మూగుతారు, ఫొటోలు తీసుకుంటారు, వెనక్కి తిరుగుతారు. నేను వెళ్ళినరోజూ అంతే జరిగింది. తొనోన్ వైద్యుడి పేరు ఎవరూ ఎత్తలేదు. కవిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయన ఒక ఖైదీకి గొంతు ఇచ్చాడు, అది పెద్దపని. మిగిలినవాళ్ళకు ఆ పని ఎవరూ చేయలేదన్నదే నా బాధ. కావ్యం లేకపోయినా వాళ్ళ సంగతి తెలుసుకోవడానికి కాగితాలు ఉన్నాయి, పరిశోధన చేసిన చరిత్రకారులు ఉన్నారు. చేతబడి విచారణల మీద ఆ కోటలోనే ఒక ప్రదర్శన కూడా పెట్టారు.

మీలో ఎవరైనా, లేదా అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మీ పిల్లలైనా షియోన్‌కు వెళ్ళదలుచుకుంటే, మాంత్రూ ఊరినుంచి సరస్సు గట్టు వెంట నడిచి వెళ్ళమంటాను. మూడు కిలోమీటర్ల దారి, ముప్పావుగంట పడుతుంది, పొడుగునా పూలమొక్కలు. నడవలేనివాళ్ళకు బస్సు ఉంది, వేతో-షియోన్ అన్న చిన్న రైల్వేస్టేషను ఉంది, వేసవిలో పడవ ఉంది. ఉదయం తలుపులు తీసే వేళకు వెళితే జనం తక్కువ. నేలమాళిగలో మూడో స్తంభం దాటాక తొందరపడి మెట్లెక్కకండి. అక్కడే కాసేపు ఉండండి. పిల్లలు వెంట ఉంటే బొనివార్ కథతో పాటు, రోగులకు వైద్యం చేసుకుంటూ బతికిన ఆ తొనోన్ మనిషి కథ కూడా చెప్పండి. అర్థమయ్యే వయసు వాళ్ళయితే, స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్ళిన కాగితం సంగతి కూడా దాచకండి.